వాన లెక్కలు మనకెందుకంటారా?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి రెండు రోజులపాటు నా మనసును వదల్లేదు. అనంతపురం నుంచి ఒక తల్లి రాశారు. పేరు, వీధి వెయ్యొద్దన్నారు కనుక వెయ్యడం లేదు. ఆవిడ పెద్దమ్మాయి లెక్కలు, ఫిజిక్సు తీసుకుని బి.ఎస్సీ. పూర్తి చేసింది. ఇప్పుడు విశాఖపట్నం వెళ్ళి ఆంధ్రా యూనివర్సిటీలో వాతావరణ శాస్త్రం ఎమ్మెస్సీ చదువుతానంటోందట. వానలు ఎలా మారుతున్నాయో, వరద ఏ ఊరికి ఎంత ముప్పు తెస్తుందో లెక్కగట్టే పని నేర్చుకుంటానంటోందట. ఇంట్లో గొడవ అక్కడ మొదలైంది. వాళ్ళ అత్తగారు, అంటే అమ్మాయి నాయనమ్మ, వక్క నములుతూ ఒక్క మాట అన్నారట. "వానల్ల్యాక మనం సస్తాంటే, వానలు లెక్కబెట్టే సదువు యాడిదే? అనంతపురంలో వరద సదువంట!"

ఉత్తరం చదివి నేనూ నవ్వాను. నవ్వాక ఆలోచించాను. పెద్దావిడ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు మరి.

అనంతపురానికి ఏడాది మొత్తంలో పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. దేశంలోనే బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటని మనం చిన్నప్పటి నుంచీ వింటున్నదే. అరేబియా సముద్రం మీంచి వచ్చే నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువంతా దించేసుకుంటాయి. కొండ దిగి మన వైపు వచ్చేసరికి చేతులు దులుపుకుని వస్తాయి. పోనీ తూర్పు నుంచి బంగాళాఖాతం వానలైనా వస్తాయా అంటే, అవి కోస్తా దాటి, నల్లమల, వెలికొండలు దాటి ఇంత దూరం వచ్చేసరికి ఆయాసపడిపోతాయి. మూడో పంక్తిలో కూర్చున్నవాళ్ళకి గారెలు అందనట్టన్నమాట. ఆరుద్ర పోయి పునర్వసు వచ్చినా పదును పడక, చెనిక్కాయ విత్తనం గదిలో పెట్టుకుని ఆకాశం వంక చూసే ఆడవాళ్ళు ఆ జిల్లాలో ఇంటింటా కనిపిస్తారు. మఖ మొదలు చిత్త దాకా ఐదు కార్తెలనూ నమ్మడానికి లేదని సామెత కూడా ఉంది. మఖాపంచకం సదా వంచకం అంటారు.

అలాంటి ఊళ్ళో వరద చదువా అంటే... అవునమ్మా, అలాంటి ఊళ్ళోనే.

2021 నవంబరు గుర్తుందా? ఆ నెల 19న చిత్రావతి పొంగితే, చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర నీళ్ళ మధ్య చిక్కుకుపోయిన 10 మందిని వైమానిక దళం హెలికాప్టరు వచ్చి పైకి లాగింది. చిత్రావతి అంటే ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక తప్ప చుక్క కనిపించని ఏరు. అదే రోజున పక్క జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, రాజంపేట వైపు ఊళ్ళకి ఊళ్ళు కొట్టుకుపోయాయి. 2022 అక్టోబరు 12న అనంతపురం పట్నంలోనే నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. 2024 అక్టోబరు 22న పండమేరు వచ్చింది. పైన రామగిరి, కనగానపల్లి వైపు కుండపోత కురిసి, కనగానపల్లి చెరువు తెగి, ఆ నీళ్ళు తెల్లారేసరికి అనంతపురం పక్కన కాలనీల్లో నిలబడ్డాయి. నాలుగేళ్ళు తిరక్కుండా మూడుసార్లు! కరువు జిల్లా అని పేరు పెట్టుకున్న చోట!

2022 సంగతి నాకు కాస్త దగ్గరగా తెలుసు. మా చిన్నమ్మ కూతురు ఆ నడిమివంక ఒడ్డునే ఉంటుంది. స్థలం కొనేటప్పుడు అమ్మినాయన, "వంకలో నీళ్ళు చూసి ఇరవై ఏండ్లయిందక్కా, భయం లేదు" అన్నాడు. మిగతా చోట్ల కంటే ధర తక్కువ. ఆమె గాజులు తాకట్టు పెట్టి కొనుక్కుంది. ఆ రాత్రి తెల్లవారుజామున మంచం కింద చెయ్యి పెడితే చల్లగా తగిలిందట. దీపం వేసేలోగా మోకాళ్ళ లోతు. బియ్యం డ్రమ్ము తేలింది, గ్యాసు సిలిండరు అడ్డం పడింది, కుట్టు మిషను మోటారు పోయింది. పిల్లల సర్టిఫికెట్లున్న పెట్టె కింద అరలో ఉండిపోయింది. ధర్మవరం చీరలు రెండు బురదలో దొరికాయి. ఇవన్నీ ఆవిడ నాకు ఫోనులో వరసగా చెప్పుకొచ్చి, చివర్న, "అక్కా, నాకు చీరలు పోయినందుకు కాదు, ఆ మాట నమ్మినందుకు కడుపు మండుతాంది" అంది.

ఇంతకీ ఇది ఎందుకు చెబుతున్నానంటే, వరద తీసిన వారం పదిరోజులకి వాళ్ళ వీధికి ఇద్దరు కాలేజీ పిల్లలు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, టేపు పట్టుకుని వచ్చారట. "ఆంటీ, నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద గీత ఉంటుంది, కొలుచుకుంటాం" అన్నారట. గీత ఎక్కడుంది? దీపావళి వస్తోందని వీధి వీధంతా గోడలు కడిగి సున్నం కొట్టేసుకున్నారు! మా చెల్లెలింట్లో మాత్రం బీరువా లోపలి తలుపు మీద ఒక మట్టిరంగు చార మిగిలింది. ఆ పిల్ల దాన్ని చూసి బంగారం దొరికినట్టు సంబరపడిందట. కొలిచి, తారీఖు రాసుకుని, ఏ గంటకి నీళ్ళు వచ్చాయి, ఏ గంటకి తీశాయి అని అడిగి, కాఫీ తాగి వెళ్ళారట. మా చెల్లెలికి అప్పుడు అర్థం కాలేదు. "చారతో ఏం పనుంటుందక్కా వాళ్ళకి?" అని నన్నడిగింది.

ఆ చారలోనే ఉందండీ ఉత్తరం రాసిన అమ్మకి నా జవాబు.

ముందు కరువు నేలలో వరద ఎందుకొస్తుందో చూద్దాం. మన వంటింట్లో పొయ్యిగుడ్డ తడిగా ఉంటే చెంబెడు నీళ్ళొలికినా పీల్చేస్తుంది. అదే నాలుగు రోజులు ఎండలో ఎండి అట్టలా బిగుసుకుపోయిన గుడ్డ మీద నీళ్ళు పోయండి, పక్కకి జారిపోతాయి. అనంతపురం ఎర్రనేలల తీరూ ఇంతే. లోతు తక్కువ, ఎండకి పైన పొర గట్టిపడుతుంది. జోరువాన పడితే ఇంకే వ్యవధి లేక నీరు పరుగెత్తుతుంది. చెట్టూ చేమా తక్కువ కనుక ఆపేవాళ్ళు లేరు. పరుగెత్తిన నీరు వంకలో పడాలి. వంకలో ఏముంది? ముళ్ళకంప, చెత్త, ఆక్రమించి కట్టిన గోడ. ఇరవై ఏళ్ళు నీళ్ళు రాని వంకని జనం వంక అనుకోవడం మానేస్తారు. వంక మాత్రం తన దారి మరచిపోదు.

దానికి తోడు మన చెరువులు గొలుసుకట్టు. పై చెరువు నిండి మరవ పారితే ఆ నీళ్ళు కింది చెరువుకి. పెద్దలు ఎంతో తెలివిగా కట్టిన ఏర్పాటది, చుక్క వృథా పోకుండా. కాని పై చెరువు కట్ట తెగిందంటే, కింది చెరువు మీద ఒక్కసారిగా రెండు చెరువుల బరువు పడుతుంది. గుడికి వెళ్ళే వరసలో వెనకావిడ తూలితే ముందున్న పదిమందీ తూలినట్టే.

లెక్క ఎంతో చూస్తారా? భయపడకండి, పాలవాడి లెక్కకంటే తేలిక. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీళ్ళు. 20 అడుగులకు 30 అడుగుల మిద్దె మీద 60 మిల్లీమీటర్ల వాన కురిస్తే సుమారు 3,300 లీటర్లు. అంటే 15 లీటర్ల బిందెలతో 220 బిందెలు! బోరు ఎండి బిందె పట్టుకుని వీధిలో నిలబడిన రోజుల్ని తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది కదూ. ఇప్పుడు ఊరి పైన 10 చదరపు కిలోమీటర్ల చేలూ గుట్టలూ ఉన్నాయనుకోండి. దాని మీద ఒక్క రాత్రిలో 100 మిల్లీమీటర్లు కురిస్తే 100 కోట్ల లీటర్లు. అందులో సగం ఇంకిపోయినా, మిగిలిన సగం 10 వేల లీటర్ల ట్యాంకర్లు 50 వేలు. ఆ 50 వేల ట్యాంకర్లూ మీ వీధి చివర వంకలోంచే పోవాలి. పోతాయా, పట్టవా? ఏ ఎత్తున పోతాయి? ఎన్ని గంటల్లో వస్తాయి? ఇదే ఆ అమ్మాయి నేర్చుకుంటానంటున్న చదువు.

వాతావరణ శాఖవాళ్ళ భాషలో ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. టీవీలో పసుపు, నారింజ, ఎరుపు రంగుల హెచ్చరికలు వస్తాయే, వాటి వెనక ఇలాంటి లెక్కలుంటాయి. అనంతపురంలో 115 మిల్లీమీటర్ల వాన ఒక్కరోజులో పడిందంటే ఏడాది వానలో ఐదో వంతు ఒకే పూట వడ్డించినట్టు. ఆరునెలలు పస్తుపెట్టి ఒక్కరోజు పెళ్ళిభోజనం పెడితే ఏమవుతుందో అదే అవుతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు నూటికి 7 వంతులు ఎక్కువ ఆవిరిని మోయగలదని శాస్త్రం చెబుతోంది. మోసే శక్తి పెరిగినప్పుడు దించేటప్పుడు కూడా ఒక్కసారిగా దించుతుంది. వాన లేని రోజులు పెరగడం, కురిసినప్పుడు కుమ్మరించడం, ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం కాదన్నమాట. పెద్దావిడ చెప్పిన కరువూ నిజమే, మనవరాలు చెబుతున్న వరదా నిజమే.

అనంతపురానికి ఈ సంగతి కొత్త కాదు కూడా. విజయనగర రాజుల కాలంలో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరు నీటిని మళ్ళించి చెరువులు కట్టించాడని చెబుతారు. బుక్కరాయసముద్రం, అనంతసాగరం ఆ నాటివే. ఊరికి ఆ పేరే చెరువు వల్ల వచ్చింది. ఆ బుక్కరాయసముద్రం కట్ట మీద ముసలమ్మ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పేరు ముసలమ్మే గాని వయసులో ఉన్న పిల్ల, బసిరెడ్డి ఇంటి చిన్నకోడలు. చెరువు పొంగి కట్ట తెగబోతుంటే, ఆ పిల్లని బలి ఇస్తే కట్ట నిలుస్తుందని దేవత పలికిందట. ఆమె ఇంట్లోవాళ్ళ దగ్గర సెలవు తీసుకుని తానే నడిచి నీళ్ళలోకి వెళ్ళిందట. కట్టమంచి రామలింగారెడ్డిగారు మద్రాసులో విద్యార్థిగా ఉండగా ఆ కథనే 'ముసలమ్మ మరణం' అనే కావ్యంగా రాశారు. ఇప్పటికీ అక్కడ ఆ తల్లిని కొలుస్తారు.

నాకు చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడల్లా ఏడుపొచ్చేది. ఇప్పుడు కాస్త కోపం కూడా వస్తుంది. ఊరంతా ఉండగా కట్టకి బలి కావాల్సింది ఇంటి చిన్నకోడలేనా అని! చెరువు ఎంత నిండింది, మరవ ఎంత నీటిని వదలగలదు, పైన ఎంత వాన పడింది అని చూసే మనిషి ఆనాడు కట్ట మీద ఒక్కరుంటే... సరే, కథని కథగా వదిలేద్దాం. అదే పండమేరు 2024లో మళ్ళీ వచ్చింది కనుక గుర్తొచ్చింది.

మరి ఈ చదువులో ఏం నేర్పుతారు? చాలామంది అనుకునేట్టు టీవీ పటం ముందు నిలబడి చెయ్యి ఊపడం కాదు. మొదట కొలవడం నేర్పుతారు. రోజూ ఉదయం 8 గంటల 30 నిమిషాలకి వానమాపకంలో నీరు చూసి రాయడం. దేశమంతటా అదే సమయం. ఒక్కరోజు బద్ధకించి మర్నాడు కలిపి రాస్తే ఆ లెక్క చెడిపోయినట్టే. తర్వాత పాత రికార్డులు తిరగెయ్యడం. 60, 80 ఏళ్ళ వాన లెక్కల్లో మార్పు నిజంగా ఉందా, లేక మన కళ్ళకి అలా కనిపిస్తోందా అని వడగట్టడం. ఆ పైన పటం మీద నేల వాలు చూసి నీరు ఏ దారిన వస్తుందో గీయడం, ఉపగ్రహం బొమ్మల్లో ఎక్కడ నీరు నిలిచిందో గుర్తుపట్టడం. మన హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఇలాంటి వరద పటాలు తయారుచేస్తుంది. తిరుపతికి దగ్గర్లో గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. పెద్ద రాడారుతో ఆకాశంలోని పైపొరల గాలుల్ని చూసే చోటు. అనంతపురంలోనే రేకులకుంటలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, వానకీ చెనిక్కాయ పంటకీ మధ్య ఉన్న లంకె మీద ఎన్నో ఏళ్ళుగా పని జరుగుతున్న చోటు.

ఆఖరున, అన్నిటికంటే కష్టమైంది ముప్పుని లెక్కగట్టడం. పొయ్యి మీద పాలు పొంగడం ప్రమాదమే. కాని వంటింట్లో ఎవరూ లేకపోతే స్టవ్వు తుడుచుకుంటే సరిపోతుంది. పొయ్యి పక్కన చంటిపిల్ల పాకుతుంటే? అదే పిల్ల అందనంత ఎత్తున గట్టు ఉంటే? పొంగడం ఒకటే, ముప్పు మూడు రకాలు. వరద కూడా అంతే. నీళ్ళు ఎంత వస్తాయి అన్నదొకటి, దారిలో ఎవరున్నారు అన్నది రెండోది, వాళ్ళు ఎంత తట్టుకోగలరు అన్నది మూడోది. మిద్దె మీదకి మెట్లున్న ఇంటికీ, రేకుల కొట్టంలో మంచాన పడ్డ ముసలాయన ఉన్న ఇంటికీ ఒకే ఎత్తు నీళ్ళు ఒకే ముప్పు కాదు. ఈ మూడో సంగతి కంప్యూటరు చెప్పదు. ఇల్లిల్లూ తిరిగి అడగాలి. అడగడానికి ఆడపిల్ల వస్తేనే మనం తలుపు తీసి నిజం చెబుతాం, అవునా కాదా?

ఇంకో మాట కూడా చెప్పాలి. స్థలాల బేరాల్లో ఈ మధ్య "ఇది నూరేళ్ళకోసారి వచ్చే వరదండీ, మొన్న వచ్చేసింది, ఇంక మన కాలంలో రాదు" అంటున్నారు. నమ్మకండి! నూరేళ్ళ వరద అంటే నూరేళ్ళకి ఒకసారి వరస తప్పకుండా వచ్చేదని కాదు. ఏ ఏడాదైనా సరే, నూటికి ఒక పాలు వచ్చే అవకాశం ఉన్నదని. నిరుడు వచ్చినా ఈ ఏడు మళ్ళీ అదే పాలు. మీరు 20 ఏళ్ళ అప్పు మీద ఇల్లు కట్టుకుంటే, అప్పు తీరేలోగా ఆ వరద ఒక్కసారైనా గడప తొక్కే అవకాశం నూటికి 18. అదీ పాత వానల లెక్క ప్రకారం. వానల తీరు మారితే ఆ లెక్క కూడా తిరగరాయాలి. తిరగరాయడానికే చదువుకున్న పిల్లలు కావాలి. మా చెల్లెలు స్థలం కొన్నప్పుడు ఈ మాట చెప్పేవాళ్ళు ఆ వీధిలో ఒక్కరు లేకపోయారు.

ఆడవాళ్ళు ఈ దారిలో నడవలేదనుకోకండి. కేరళలో పుట్టిన అన్నా మణిగారు 1948లో పూనాలో వాతావరణ శాఖలో చేరారు. వాన, గాలి, ఎండ కొలిచే సాధనాలు అప్పుడు విదేశాల నుంచి వచ్చేవి. వంద దాకా సాధనాలకి నమూనాలు గీయించి, ఇక్కడే తయారయ్యేట్టు చేసిన ఘనత ఆవిడది. 1976లో ఆ శాఖలో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా పదవీ విరమణ చేశారు. బెంగుళూరు సైన్సు సంస్థలో పనిచేసిన సులోచనా గాడ్గిల్‌గారు ఋతుపవనాల మీద పెద్ద పేరు తెచ్చుకున్న శాస్త్రవేత్త. ఆవిడా, ఆవిడతో పనిచేసినవాళ్ళూ మన అనంతపురం, పావగడ వైపు మెట్టరైతులతో కూర్చుని, దశాబ్దాల వాన లెక్కల్ని చెనిక్కాయ పంట నమూనాలో పోసి, ఎప్పుడు విత్తితే నష్టం తక్కువ అని చూశారు. పెద్ద చదువులావిడ చేని గట్టున కూర్చుని రైతుని ప్రశ్న అడగడం నాకు ఎంతో నచ్చిన సంగతి.

చదువు లేనివాళ్ళూ చేశారండోయ్. 2000 సంవత్సరం తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో, అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలం చూసుకునే పథకం ఒకటి నడిచింది. పల్లెటూళ్ళ ఆడవాళ్ళు, మగవాళ్ళు రోజూ వాన కొలిచారు, పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం చూశారు. ఊరికి ఇన్ని నీళ్ళున్నాయి, ఇన్ని ఎకరాలు మాత్రమే తడుస్తాయి అని అందరూ కూర్చుని బడ్జెట్టు వేసుకున్నారు. మనం నెల మొదట్లో చీటీ రాసుకుంటామే పప్పు ఇంత, నూనె ఇంత అని, అలాగే. ఇక బడిపిల్లల సంగతికొస్తే, 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్సు కాంగ్రెసు 2014, 2015 సంవత్సరాలకి వాతావరణాన్ని అర్థం చేసుకోవడమనే అంశాన్నే ఇచ్చింది. మీ పిల్లల బడిలో అలాంటి ప్రాజెక్టు వస్తే దయచేసి అట్టముక్క మీద థర్మోకోలు మేఘం అతికించి పంపకండి. నిజంగా కొలవమనండి.

ఎలాగంటారా? వెడల్పు పై నుంచి కింది దాకా ఒకేలా ఉన్న గాజుసీసా గాని, నిలువు స్టీలు డబ్బా గాని చాలు. నడుము సన్నంగా ఉన్న హార్లిక్సు సీసా పనికిరాదు. మూతి పెద్దదా చిన్నదా అని దిగులు వద్దు, పై నుంచి అడుగు దాకా సమానంగా ఉంటే ఎత్తు ఒకటే వస్తుంది. నాకు మొదట ఇది నమ్మబుద్ధి కాలేదు, రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి చూశాక ఒప్పుకున్నాను. మిద్దె మీద పెడితే పిట్టగోడకి దూరంగా పెట్టండి. గోడో చెట్టో ఎంత ఎత్తుంటే దానికి రెండింతల దూరం ఉండాలి. గాలికి పడిపోకుండా చుట్టూ ఇటుకలు పేర్చండి. పొద్దున్న ఎనిమిదిన్నరకి పిల్లల స్కేలు నిలువుగా దించి మిల్లీమీటర్లలో చూసి, పారబోసి, మళ్ళీ పెట్టండి. స్కేలు చివర అంకె మొదలయ్యే ముందు కాస్త ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీ కూడా కలుపుకోవాలి. క్యాలెండరులో పాలు రాసే గడిలోనే వాన కూడా రాసేయండి. వాన లేని రోజు సున్నా అని రాయాలి. ఖాళీ వదిలితే వాన లేదా, మీరు చూడలేదా అన్నది తెలియదు. దోమలు రాకుండా రోజూ పారబోయడం మాత్రం మరచిపోవద్దు.

ఇక ఆ తల్లికి నేరుగా.

అమ్మా, మీ అమ్మాయి అడిగింది పిచ్చి చదువు కాదు. అలాగని బంగారు పళ్ళెంలో ఉద్యోగం వస్తుందని మీకు ఆశ పెట్టను. వాతావరణ శాఖలో ఖాళీలు ఎప్పుడుపడితే అప్పుడు పడవు, పడినప్పుడు దేశమంతా పోటీ పడుతుంది. హైదరాబాదులో సముద్ర సమాచార కేంద్రం, మెట్టవ్యవసాయ పరిశోధన సంస్థ, గాదంకి... ఇలాంటి చోట్ల పరిశోధకులుగా తీసుకుంటారు గాని, మొదట్లో చాలా పనులు ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళే. ఎమ్మెస్సీ అయ్యాక ఇంకో నాలుగైదేళ్ళు చదవాల్సి రావచ్చు. పెళ్ళి సంబంధాలవాళ్ళు "అమ్మాయి ఏం చదివింది?" అంటే చెప్పి అర్థమయ్యేట్టు చెయ్యడానికే పావుగంట పడుతుంది. ఇవన్నీ ఇంట్లో అందరూ కూర్చుని ముందే మాట్లాడుకోండి. హాస్టలు సంగతి, ఫీజు సంగతి మీవారు ఒకసారి స్వయంగా వెళ్ళి చూసి రావడం మంచిది. అన్నీ తెలిశాక కూడా పిల్ల ఇదే అంటే, అడ్డు పడకండి. మీ జిల్లా సంగతి మీ పిల్లకంటే బాగా తెలిసినవాళ్ళు విశాఖపట్నంలో దొరకరు.

మీ అత్తగారి దగ్గర మాత్రం ఒక పని ఉంది. అమ్మాయి బయల్దేరేలోగా ఒక సాయంత్రం ఆవిడకి వక్కాకు ఇచ్చి కూర్చోబెట్టండి. ఆవిడ కాపురానికొచ్చినప్పటి నుంచీ ఏ ఏడు చెరువు మరవ పారింది, ఏ ఏడు వంక నీళ్ళు ఎవరి గడప దాకా వచ్చాయి, ఏ ఏడు గొడ్లని అమ్ముకున్నారు అని అడగండి. తారీఖులు గుర్తుండకపోవచ్చు. "మీ మామకి జబ్బు చేసిన ఏడు", "చిన్నోడు పుట్టిన కార్తీకం" అని చెబుతారు. అది చాలు, మీరు లెక్కగట్టి సంవత్సరం పక్కన రాయండి. అమ్మాయి చేత రాయించండి. యూనివర్సిటీలో పాత రికార్డులు తీసి పక్కన పెట్టుకుంటే ఎన్ని సరిపోతాయో తనకే తెలుస్తుంది. నాయనమ్మకి కూడా ఆ చదువు యాడిదో కొంచెం అర్థమవుతుంది.

ఈ ఏడు మళ్ళీ ఎవరింట్లోకైనా నీళ్ళొస్తే, రాకూడదనే కోరుకుందాం, వస్తే గనక సున్నం కొట్టే ముందు ఆ చార మీద మేకుతో ఒక గీత గీసి, తారీఖు, గంట రాసి ఉంచండి. మా చెల్లెలు బీరువా తలుపు లోపల అలాగే ఉంచేసింది. పైన రంగు వేయించింది గాని, లోపల తుడవనివ్వడం లేదు.

ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ అనంతపురంలో ఎక్కితే విశాఖపట్నంలో దిగవచ్చు, మధ్యలో రైలు మారే పనిలేదు. చెనిక్కాయల పొడి నూనె వెయ్యకుండా పొడిగా కొట్టి ఇవ్వండి, నెల దాకా నిలవ ఉంటుంది. డబ్బా మాత్రం నిలువుగా ఉన్న స్టీలుది చూసి పెట్టండి. పొడి అయిపోయాక అమ్మాయికి పనికొస్తుంది.